ఇంట్లో క్యాన్సర్ ఉన్నవాళ్ల స్కాన్ రిపోర్ట్ చదవడం ఎట్ల: ఫైల్ సర్దుకోవడం నుంచి డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నల దాకా

కర్నూలు పెద్దాసుపత్రి నుంచో, కడప రిమ్స్ నుంచో, అనంతపురం నుంచో నాకొచ్చే మెసేజ్ దాదాపు ఒకే రకంగా ఉంటాది, రిపోర్ట్ ఫోటో ఒకటి, కింద "అన్నా ఇందులో ఏముందో కొంచెం చూసి చెప్పవా, డాక్టర్ సోమవారం రమ్మన్నాడు, అప్పటిదాకా నిద్ర పట్టేట్టు లేదు" అని. నేను డాక్టర్ని కాదు. మా చిన్నమ్మకి రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పటి నుంచి ఆమె ఫైల్ చూసుకునేది నేనే, అందుకని ఈ కాగితాలు అలవాటైనాయి. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకన్నా అంతా వరసగా ఒకచోట రాస్తున్నా.

ముందుగా ఒక మాట. మనం రిపోర్ట్ చదివేది జబ్బు తేల్చడానికి కాదు, డాక్టర్ ముందు కూర్చునే ఆ ఐదు నిమిషాల్లో ఏం అడగాలో తెలియడానికి. ఇంకోటి, ఒక్క స్కాన్‌ని విడిగా చూస్తే సగమే తెలుస్తాది, పాత స్కాన్ పక్కన పెట్టి చూస్తేనే జబ్బు ఎటు పోతా ఉందో అర్థమవుతాది. కింద చెప్పేదంతా ఈ రెండో మాట చుట్టూనే తిరుగుతాది.

1. స్కాన్‌కి పోకముందే ఫైల్ సిద్ధం చేసుకోండి

మంచి రిపోర్ట్ రావాలంటే సగం పని మన చేతిలోనే ఉంది. స్కాన్ చూసి రిపోర్ట్ రాసే రేడియాలజిస్ట్ మన పేషెంట్‌ని చూసి ఉండరు, వాళ్ల ముందు ఉండేది చీటీ మీద డాక్టర్ గీకిన ఒక లైన్. ఆపరేషన్ అయిందా, రేడియేషన్ ఎప్పుడు అయిపోయింది, పోయినసారి లివర్‌లో ఏం కనపడింది, ఇవేవీ మనం ఇస్తే తప్ప వాళ్లకి తెలియవు.

అందుకని ఒక తెల్ల కాగితం మీద పేషెంట్ చరిత్ర రాసి జిరాక్స్ తీసి పెట్టుకోండి. బయాప్సీ ఏ తేదీ, ఏం వచ్చింది, ఆపరేషన్ ఏ తేదీ, ఏం తీసేశారు, కీమో ఎన్ని సైకిళ్లు, చివరి సైకిల్ తేదీ, రేడియేషన్ అయిపోయిన తేదీ, షుగర్, బీపీ, కిడ్నీ సమస్య, పాతకాలం టీబీ ఉంటే అది కూడా. స్కాన్ సెంటర్‌లో రిసెప్షన్‌లో కాకుండా లోపల టెక్నీషియన్‌కో డాక్టర్‌కో ఇచ్చి, రిపోర్ట్ రాసేవాళ్లకి చేరేట్టు చూడండి అని చెప్పండి.

తర్వాత పాత సీడీ. మన జిల్లాల వాళ్లకి ఇదే పెద్ద తలనొప్పి, మొదటి సీటీ కర్నూల్లో, పెట్ స్కాన్ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో, తర్వాతది ఇంకోచోట, ఏ సెంటర్‌లోనూ పాత బొమ్మలు ఉండవు. పాత సీడీ ఇచ్చి "దీంతో పోల్చి రాయండి" అని అడిగితేనే పోలుస్తారు. సీడీ గీతలు పడి చెడిపోతాది కాబట్టి లాప్‌టాప్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో మొత్తం ఫోల్డర్ కాపీ చేసి పెట్టండి. ఫిల్మ్‌ని ట్యూబ్‌లైట్‌కి అడ్డం పెట్టి ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపితే ఏ డాక్టరూ అందులో కొలతలు తియ్యలేడు.

స్కాన్ రోజుకి చెక్‌లిస్ట్:

- కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (బొమ్మ స్పష్టంగా పడటానికి ఎక్కించే మందు) ఇచ్చే సీటీ అయితే ఈమధ్య చేయించిన క్రియాటినిన్ రిపోర్ట్, అంటే కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష
- షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందే చెప్పాలి, ఆపాలా వద్దా వాళ్లనే అడగాలి, మనంతట మనం ఆపకూడదు
- ఇంతకుముందు ఇంజెక్షన్‌కి దద్దుర్లు, ఆయాసం వచ్చుంటే ఆ మాట గట్టిగా చెప్పాలి
- ఎంఆర్ఐ అయితే పేస్‌మేకర్, రాడ్లు, క్లిప్పులు ఉన్నాయా అనేది
- పాత సీడీ, పాత రిపోర్ట్, బయాప్సీ రిపోర్ట్, చరిత్ర కాగితం

పెట్ స్కాన్‌కి ఇంకొంచెం జాగ్రత్త కావాలి. కనీసం 4 నుంచి 6 గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. ముందురోజు బరువు పనులు, గట్టి వ్యాయామం వద్దు. షుగర్ సాధారణంగా 200 లోపల ఉండాలంటారు, దాటితే వాయిదా వేస్తారు. కర్నూలు నుంచి హైదరాబాద్‌కైనా అనంతపురం నుంచి బెంగళూరుకైనా 200 కిలోమీటర్ల పైన ప్రయాణం, షుగర్ ఉన్న పెద్దవాళ్లని రాత్రంతా బస్సులో ఖాళీ కడుపుతో కూర్చోబెట్టి తీసుకుపోతే అక్కడ దిగేసరికి షుగర్ పడిపోయి కూలబడతారు. వీలైతే ముందురోజే పోయి పడుకుని పొద్దున స్లాట్ తీసుకోండి, ఇన్సులిన్ ఎప్పుడు వెయ్యాలో స్లాట్ బుక్ చేసేటప్పుడే అడిగి రాసుకోండి. స్కాన్ అయ్యాక కొన్ని గంటలు చిన్నపిల్లలకి, కడుపుతో ఉన్నవాళ్లకి దూరంగా ఉండమంటారు, మనవరాలిని ఒళ్లో పెట్టుకుని తిరుగు ప్రయాణం చెయ్యొద్దు.

2. రిపోర్ట్ చేతికి రాగానే ముందు పైభాగం చూడండి

అందరూ నేరుగా చివరి పేజీకి పోతారు. దానికన్నా ముందు పేరు, వయసు, ఆడా మగా, తేదీ చూడండి. పేరు ఆధార్‌లో ఒకరకంగా, రిపోర్ట్‌లో ఇంకోరకంగా ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌లో తర్వాత మళ్లీ తిరగాల్సి వస్తాది, అక్కడికక్కడే మార్పించుకోండి.

తర్వాత కుడి ఎడమ. లోపల ఒకచోట "రైట్", చివర ముగింపులో "లెఫ్ట్" అని పడటం నేనే చూసినా. ఇంకో రకం తప్పు కూడా ఉంది. ముందే టైప్ చేసి పెట్టిన ఫార్మాట్‌లో రిపోర్ట్ కొట్టేటప్పుడు తీసేసిన అవయవం కూడా నార్మల్ అని వచ్చేస్తాది. మా చిన్నమ్మకి గర్భసంచి ఎప్పుడో తీసేశారు, ఒక సెంటర్ రిపోర్ట్‌లో మాత్రం "యుటెరస్ ఈజ్ నార్మల్ ఇన్ సైజ్" అని ఉంది. చిన్నదే అనిపిస్తాది కానీ అట్లాంటిది కనపడితే మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చి మిగతాది కూడా ఇంకోసారి చూడమని అడగాలి, సరిచేసిన రిపోర్ట్ ఇవ్వడం వాళ్ల పనే.

3. చదవాల్సిన వరస

రిపోర్ట్‌లో భాగాలు దాదాపు ఎక్కడైనా ఇవే: హిస్టరీ, టెక్నిక్, కంపారిజన్, ఫైండింగ్స్, ఇంప్రెషన్. చదివే వరస మాత్రం ఇట్ల పెట్టుకోండి.

మొదట ఇంప్రెషన్. రేడియాలజిస్ట్ మొత్తం చూసి ముఖ్యం అనుకున్నది ఇక్కడ నాలుగైదు లైన్లలో పెడతారు, సాధారణంగా అన్నిటికన్నా ముఖ్యమైనది పైన ఉంటాది.

రెండోది కంపారిజన్. "కంపేర్డ్ విత్ ప్రీవియస్ సీటీ డేటెడ్..." అని తేదీతో సహా ఉందా చూడండి. ఆ లైన్ లేదంటే ఎవరూ పోల్చలేదని అర్థం, అట్లాంటప్పుడు పాత సీడీ తీసుకుపోయి పోల్చి రాయమని అడగొచ్చు. నా లెక్కలో రిపోర్ట్ మొత్తంలో విలువైన లైన్ ఇదే.

చివరగా ఫైండింగ్స్. ఇంప్రెషన్‌లో ఏ అవయవాల పేర్లు వచ్చినాయో ఆ పేరాలు మాత్రం పెన్సిల్‌తో గీసుకుని చదవండి. తల నుంచి కాళ్ల దాకా ప్రతి లైన్ గూగుల్‌లో కొట్టుకుంటా కూర్చుంటే తెల్లారిపోతాది, ఉన్న భయానికి ఇంకో పది భయాలు తోడవుతాయి.

4. కొలతలు ఎట్ల పోల్చాలి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, అందుకని కొంచెం వివరంగా రాస్తా.

యూనిట్ చూడండి ముందు. పోయినసారి "1.2 సెం.మీ", ఈసారి "12 ఎం.ఎం" అని ఉంటే అది పెరగలేదు, రెండూ ఒకటే. 12 అంకె చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చిన ఇళ్లు ఉన్నాయి. అంచనాకి, మన శెనక్కాయ విత్తనం పొడుగు 10 నుంచి 15 ఎం.ఎం ఉంటాది, 6 ఎం.ఎం నాడ్యూల్ (చిన్న గడ్డ) అంటే దాంట్లో సగం.

రెండోది, అదే మచ్చనా కాదా. "సెగ్మెంట్ 6 ఆఫ్ లివర్", "రైట్ అప్పర్ లోబ్" అట్ల చోటు రాసుంటాది. అదే చోటు మచ్చని అదే చోటు మచ్చతోనే పోల్చాలి. పాత రిపోర్ట్‌లో అన్నిటికన్నా పెద్దదాన్ని తీసుకుని కొత్తదాంట్లో ఇంకోచోట పెద్దగా ఉన్నదాంతో పోలిస్తే లెక్క తప్పుతాది.

మూడోది, ఒకటి రెండు ఎం.ఎం తేడా. అదే బొమ్మ ఇద్దరు కొలిస్తే కూడా అంత తేడా వస్తాది, మిషన్ మారితే సరే సరి. 8 ఉన్నది 9 అయితే దాన్ని పెరుగుదల అనరు.

డాక్టర్లు చూసే లెక్క ఇట్ల ఉంటాది, దీన్ని రెసిస్ట్ 1.1 అంటారు, 2009లో వచ్చిన పద్ధతి. కొలవదగ్గ గడ్డలు కొన్ని ఎంచుకుంటారు, మొత్తం 5కి మించకుండా, ఒక్కో అవయవంలో 2కి మించకుండా. వాటి కొలతలన్నీ కూడి ఒక మొత్తం తీస్తారు.

- మొత్తం 30 శాతమో అంతకన్నా ఎక్కువో తగ్గితే పార్షియల్ రెస్పాన్స్, మందు పనిచేస్తా ఉందని
- 20 శాతం పైన పెరిగి, కనీసం 5 ఎం.ఎం ఎక్కువైతే ప్రోగ్రెషన్, జబ్బు పెరుగుతా ఉందని
- నిజంగా కొత్త మచ్చ వస్తే, పాతవి తగ్గినా కూడా ప్రోగ్రెషనే
- మధ్యలో ఉంటే స్టేబుల్
- అన్నీ మాయమై లింఫ్ గ్రంథులు (లింఫ్ నోడ్లు) కూడా మామూలు సైజుకి వస్తే కంప్లీట్ రెస్పాన్స్

ఇందులో ఒక మెలిక ఉంది. తగ్గుదల లెక్కేసేది మొదటి స్కాన్ నుంచి, పెరుగుదల లెక్కేసేది ఇప్పటిదాకా వచ్చిన అన్నిటికన్నా తక్కువ కొలత నుంచి. మొదట మొత్తం 80 ఎం.ఎం అనుకోండి, మూడు సైకిళ్ల తర్వాత 50కి వచ్చింది, సంతోషం. ఆ తర్వాత స్కాన్‌లో 62. "మొదట 80 కదన్నా, ఇంకా తక్కువే ఉంది కదా, మరి డాక్టర్ మందు మారుస్తా అంటాడేంది" అని అడుగుతారు. 50 నుంచి 62 అంటే 24 శాతం పెరుగుదల, 12 ఎం.ఎం ఎక్కువ, అంటే ఆ మందుకి జబ్బు లొంగడం ఆపేసిందని. అందుకే మారుస్తారు.

స్టేబుల్ అని వస్తే డీలా పడొద్దు. ముదిరిన జబ్బులో పెరగకుండా ఆగడం కూడా మందు పనితనమే, చాలాసార్లు అదే మందు కొనసాగిస్తారు. ఇంకో సంగతి, గడ్డ అడ్డకొలత 4 సెం.మీ నుంచి 2కి తగ్గితే సగమే తగ్గినట్టు కనపడతాది కానీ గుండ్రటి గడ్డ అయితే దాని ఘనపరిమాణం ఎనిమిదో వంతుకి పడిపోయినట్టు.

లింఫ్ నోడ్లకి మాత్రం చిన్న అడ్డకొలత చూస్తారు, షార్ట్ యాక్సిస్ అంటారు. చాలాచోట్ల అది 10 ఎం.ఎం లోపల ఉంటే మామూలే అంటారు.

కాగితం మీద ఇట్ల గీసుకోండి: ఎడమ పక్క మచ్చ ఉన్న చోటు, తర్వాత ఒక్కో స్కాన్ తేదీకి ఒక్కో గడి, అన్నీ ఎం.ఎం లోనే. డాక్టర్ ముందు అది పెడితే మాట సూటిగా నడుస్తాది.

5. పెట్ స్కాన్‌లో ఎస్‌యూవీ నంబర్

మామూలుగా చేసే పెట్‌లో ఎఫ్‌డీజీ అని గ్లూకోజ్ లాంటి మందు ఎక్కించి, సుమారు గంట పడుకోబెట్టి, శరీరంలో ఏ చోటు దాన్ని ఎక్కువ పీల్చుకుందో చూస్తారు. ఆ పీల్చుకున్న లెక్కే ఎస్‌యూవీ మ్యాక్స్. "హైపర్‌మెటబాలిక్", "ఎఫ్‌డీజీ ఎవిడ్" అంటే ఎక్కువ పీల్చుకుందని.

ఎక్కువ పీల్చుకున్నదల్లా క్యాన్సర్ కాదు. మెదడు ఎప్పుడూ వెలుగుతాది, గుండె చాలాసార్లు వెలుగుతాది, కిడ్నీ, మూత్రసంచి మందు బయటికి పోయే దారి కాబట్టి అవీ వెలుగుతాయి. ఇన్‌ఫెక్షన్, కొత్త ఆపరేషన్ గాయం, టీబీ కూడా వెలుగుతాయి. మన దగ్గర టీబీ తక్కువేం కాదు, అందుకే ఛాతీలో గ్రంథులు వెలిగినా కొన్నిసార్లు డాక్టర్ "బయాప్సీ చేసి చూద్దాం" అంటాడు, అది కాలయాపన కాదు. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి పేగు వెలుగుతాది. తెల్లకణాలు పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్ పడితే ఎముకల మూలుగంతా వెలుగుతాది, ఒళ్లంతా పాకిందని చూసినవాళ్లు హడలిపోతారు. ఆ ఇంజెక్షన్ తేదీ మీ చరిత్ర కాగితంలో తప్పకుండా ఉండాలి.

ఎస్‌యూవీ 14 అంటే 7 కన్నా రెండింతలు ప్రమాదం అని లెక్క కట్టొద్దు. పేషెంట్ షుగర్, మిషన్, ఇంజెక్షన్‌కీ స్కాన్‌కీ మధ్య టైమ్, వీటన్నిటి బట్టి నంబర్ మారతాది. వీలైనంతవరకు అదే సెంటర్‌లో, అదే మిషన్ మీద చేయించడం మేలు, లివర్ నంబర్ కూడా ఇస్తే దాంతో పోల్చి చూస్తారు. ప్రోస్టేట్‌కి చేసే పీఎస్ఎంఏ పెట్ వేరే మందుతో చేసేది, దాని నంబర్‌ని ఎఫ్‌డీజీ నంబర్‌తో కలపకూడదు.

తొందరపడి చేయిస్తే కూడా తప్పుదారి పట్టిస్తాది. కీమో అయ్యాక సాధారణంగా రెండు మూడు వారాలు, రేడియేషన్ అయ్యాక 8 నుంచి 12 వారాలు ఆగమంటారు, ఎందుకంటే రేడియేషన్ వాపు కూడా వెలుగుతాది. "డబ్బులు మేమే కడతాం, రేపే చెయ్యండి" అని ఒత్తిడి పెట్టొద్దు.

6. రిపోర్ట్‌లో తరచూ కనపడే మాటలు

- లీజన్: మామూలుగా లేని ఒక చోటు, అంతే. మంచిదో చెడ్డదో ఆ మాట చెప్పదు
- హైపోడెన్స్: సీటీలో చుట్టుపక్కల కన్నా నల్లగా కనపడేది
- ఎన్‌హాన్సింగ్: కాంట్రాస్ట్ ఎక్కాక తెల్లబడేది, రక్తం అందుతా ఉందని
- నెక్రోసిస్: మధ్యలో చచ్చిన కణజాలం, మందు పనిచేసినప్పుడు కూడా వస్తాది
- ప్లూరల్ ఎఫ్యూజన్, అసైటిస్: ఊపిరితిత్తి చుట్టూ, పొట్టలో నీరు
- లైటిక్, స్క్లిరోటిక్: ఎముక తినేసినట్టు, గట్టిపడినట్టు. వైద్యం మొదలయ్యాక స్క్లిరోటిక్ అంటే ఎముక మానుతా ఉందని కూడా అవ్వొచ్చు
- అన్‌రిమార్కబుల్: చెప్పుకోదగ్గ తేడా ఏం లేదు, మంచి మాట
- రెసిడ్యువల్: మిగిలింది. అది జబ్బా, గాయం మానినాక మిగిలిన గుర్తా అనేది డాక్టర్ తేల్చాలి

ఫ్యాటీ లివర్, సింపుల్ రీనల్ సిస్ట్, గాల్ స్టోన్, హీమాంజియోమా, కాల్సిఫైడ్ గ్రాన్యులోమా, వెన్నెముకలో డీజెనరేటివ్ ఛేంజెస్, ఇవి యాభై దాటిన ఎవరిని స్కాన్ చేసినా కనపడే రకం, చాలాసార్లు క్యాన్సర్‌తో సంబంధం ఉండదు. డాక్టర్‌ని చివర్లో ఒక్క మాట అడిగితే చాలు.

ఎంత గట్టిగా చెప్తున్నారో కూడా గమనించండి. "కన్‌సిస్టెంట్ విత్ మెటాస్టాసిస్" అంటే జబ్బు వేరేచోటికి పాకిందని దాదాపు నమ్మకంగా అంటున్నారు. "సస్పీషియస్ ఫర్" అంటే గట్టి అనుమానం. "ఇన్‌డిటర్మినేట్" అంటే తేల్చలేం, కొన్నాళ్లాగి మళ్లీ చూడాలి లేదా బయాప్సీ. "కెనాట్ బి రూల్డ్ అవుట్" అంటే కాదని గ్యారంటీ ఇవ్వలేం అని, అంతమాత్రాన ఉందని కాదు.

7. బైరాడ్స్ 4 అంటే స్టేజ్ 4 కాదు

రొమ్ము స్కాన్‌లో బైరాడ్స్, థైరాయిడ్‌లో టైరాడ్స్, ప్రోస్టేట్‌లో పైరాడ్స్, ఇవన్నీ అనుమానం ఎంతుందో చెప్పే నంబర్లు. బైరాడ్స్ 4 అంటే బయాప్సీ అవసరమైనంత అనుమానం ఉందని, దాంట్లో క్యాన్సర్ కానివీ చాలా ఉంటాయి. బైరాడ్స్ 6 అంటే ముందే బయాప్సీలో తేలిన క్యాన్సర్ అని. గ్రేడ్ అనేది బయాప్సీలో కణాల తీరు చూసి చెప్పేది, స్టేజ్ అనేది జబ్బు ఎంతదూరం పోయిందో డాక్టర్ స్కాన్లు, బయాప్సీ అన్నీ కలిపి చెప్పేది. ఈ మూడిటినీ కలిపేసి చుట్టాలకి ఫోన్లు చెయ్యకండి.

8. అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడనివి

ఈ మాటలు కనపడితే అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, దొరక్కపోతే ఎమర్జెన్సీకి పోండి:

- కార్డ్ కంప్రెషన్, అంటే వెన్నుపాము నొక్కుకోవడం. కాళ్లు పట్టు తప్పినా, ఒంటికి రెంటికి తెలియకపోయినా గంటలు కూడా విలువైనవే
- పల్మనరీ ఎంబాలిజం (ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం) లేదా ఎక్కడైనా త్రాంబోసిస్, అంటే నాళంలో రక్తం గడ్డకట్టడం
- మెదడు స్కాన్‌లో మిడ్‌లైన్ షిఫ్ట్, అంటే ఒత్తిడికి మెదడు ఒక పక్కకి జరగడం
- పెరికార్డియల్ ఎఫ్యూజన్, అంటే గుండె చుట్టూ నీరు, ఎక్కువగా ఉందని
- రెండు వైపులా హైడ్రోనెఫ్రోసిస్ (మూత్రం పోక కిడ్నీ ఉబ్బడం), ముఖ్యంగా మూత్రం తగ్గుంటే
- పేగు అబ్‌స్ట్రక్షన్, పర్ఫోరేషన్, అంటే పేగు మూసుకుపోవడం, చిల్లు పడటం

సోమవారం చూపిద్దాంలే అనుకుని శనివారం ఇంట్లో పెట్టుకోకూడని రిపోర్ట్‌లు ఇవి.

9. డాక్టర్ ముందు

ఓపీ రద్దీలో టైమ్ తక్కువ, ఇద్దరు పోండి, ఒకరు మాట్లాడితే ఒకరు రాసుకోవాలి. డాక్టర్ ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. ప్రశ్నలు ముందే ఫైల్ మీద రాసి పెట్టండి:

- పోయిన స్కాన్‌తో పోలిస్తే తగ్గిందా, అట్లే ఉందా, పెరిగిందా?
- కొత్త మచ్చలు ఏమైనా ఉన్నాయా?
- దీన్నిబట్టి మందు మారుస్తారా, ఎందుకు?
- ఇన్‌డిటర్మినేట్ అన్నదానికి బయాప్సీ కావాలా, ఆగొచ్చా?
- మళ్లీ స్కాన్ ఎప్పుడు, ఏది?

ఇమ్యునోథెరపీ (ఒంట్లో రోగనిరోధక శక్తిని జబ్బు మీదికి పంపే మందులు) నడుస్తుంటే ఇంకోటి అడగండి, ఈ పెరుగుదల నిజమైనదా అని. ఆ మందుల్లో కొద్దిమందికి గడ్డ ముందు వాచినట్టు కనపడి తర్వాత తగ్గుతాది.

10. ఇంట్లో ఎవరికి ఎంత చెప్పాలి

పేషెంట్ పక్కనే ఉండగా కారిడార్‌లో నిలబడి రిపోర్ట్ పైకి చదవొద్దు. అట్లాగని "అమ్మకి ఏం చెప్పొద్దు" అని మొత్తం దాచేయడం కూడా నాకు సరిగ్గా అనిపించదు, వాళ్లకి ఒళ్లే చెప్తా ఉంటాది. "రిపోర్ట్ వచ్చిందమ్మా, డాక్టర్‌తో నువ్వు మాట్లాడతావా, మమ్మల్ని మాట్లాడి చెప్పమంటావా" అని వాళ్లనే అడగండి. మా చిన్నమ్మ "తగ్గిందా పెరిగిందా అంత చెప్పు నాయనా, మిగతాది మీరు చూసుకోండి" అనింది, ప్రతిసారీ అంతే చెప్పినాం. కుటుంబం గ్రూప్‌లో రిపోర్ట్ ఫోటో పెట్టొద్దు, పెడితే నలుగురు నాలుగు ఆకుపసర్లు చెప్తారు, అది చివరికి పేషెంట్ ఫోన్‌కే చేరుతాది.

11. రెండో డాక్టర్‌కి చూపించాలంటే

కర్నూలు స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కైనా, హైదరాబాద్ ఎంఎన్‌జేకైనా, బెంగళూరు కిద్వాయ్‌కైనా, వెల్లూరు సీఎంసీకైనా రిపోర్ట్ కాగితాలు ఒక్కటే తీసుకుపోతే సరిపోదు, స్కాన్ మళ్లీ చెయ్యమంటారు. ఇవి పెట్టుకోండి:

- అన్ని స్కాన్ల సీడీలు, తేదీ పైన మార్కర్‌తో రాసి
- బయాప్సీ రిపోర్ట్‌తో పాటు స్లైడ్లు (ముక్క పల్చగా కోసి పెట్టిన గాజుపలకలు), బ్లాకులు (మైనంలో దాచిన బయాప్సీ ముక్క). ల్యాబ్‌లో లెటర్ రాసిస్తే ఇస్తారు
- డిశ్చార్జ్ సమ్మరీలు, కీమో చార్ట్
- మీరు గీసుకున్న కొలతల కాగితం

బ్లాకులు మైనపు ముక్కల్లా ఉంటాయి, ఎండలో కారు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టొద్దు, మన ఎండలకి కరిగి పాడైపోతాయి. చేతి సంచిలోనే పెట్టుకుని పోండి, అక్కడ ఇచ్చేటప్పుడు ఎన్ని బ్లాకులు, ఎన్ని స్లైడ్లు ఇచ్చినారో రాయించుకుని రసీదు తీసుకోండి, తర్వాత ఏదైనా కొత్త టెస్ట్ చెయ్యాలంటే మళ్లీ ఆ బ్లాకే కావాలి.